న్యాయవాది గుమ్మమెక్కుటకు ముందు

2024వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు పొంగి విజయవాడలో సింగునగరు మొదలగు పేటలను ముంచివేసినది. ఇండ్లలోను, అంగళ్లలోను దినములతరబడి నీరు నిలిచెను. నీరు తీసినంతనే బురద కడిగికొనుట ఎవరికైనను సహజము. కాని బురదతోపాటు సాక్ష్యమునుగూడ కడిగివేసికొన్న గృహస్థునకు, పిమ్మట బీమా కంపెనీతో వ్యాజ్యమాడవలసివచ్చినచో, చేత మిగులునది వట్టి మాటయే.

వరద యొక్కటియే కాదు. పొరుగువాడు పునాది లోతుగా త్రవ్వుటచే మన గోడ బీటలువారవచ్చును. పూడిన మురుగుకాలువ పొంగి అంగటిలోని సరకు తడిసిపోవచ్చును. నష్టపడినవారు న్యాయవాది యొద్ద గంటసేపు గోడు వెళ్లబోసికొందురు. ఆయనకు ముఖ్యముగా వలసినవి నాలుగు సంగతులు: సొత్తెవరిది? నష్టమేనాడు కలిగినది? ఎవరివలన కలిగినది? దాని వెల యెంత?

కావున దస్తావేజు, ఇంటిపన్ను రసీదు, అద్దెకున్నవారైనచో కరారునామా ముందుగానే ఒకచోట చేర్చవలెను. శుభ్రము చేయకమునుపే ఫోటోలు తీయవలెను. ఆ ఫోనును భద్రపరుపవలెను. ఏలయన 2023వ సంవత్సరపు భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను అట్టి సాక్ష్యమునకు ధ్రువపత్రమును కోరుచున్నది. పాడైన వస్తువుల జాబితా, కొన్న బిల్లులు, మేస్త్రీ వ్రాసియిచ్చిన మరమ్మతు అంచనా, బీమా పాలసీ, ఎదుటివారితో నడచిన ఉత్తరములు కొనిపోవలెను. జరిగినదంతయు తేదీలవారీగా ఒక్క కాగితముపై వ్రాయవలెను. మనకు ప్రతికూలమైన సంగతిని దాచరాదు. కక్షిదారు నమ్మి చెప్పినదానిని న్యాయవాది వెల్లడింపరాదని శాసనమే కట్టడి చేసినది.

శోకించుచు కూర్చున్నవారికొరకు గడువు ఆగదు. వినియోగదారుల కమిషనునందు ఫిర్యాదునకు 2 సంవత్సరములు. స్థిరాస్తిపై అక్రమప్రవేశమువలని నష్టపరిహారపు దావాకు, 1963వ సంవత్సరపు కాలపరిమితి చట్టము ననుసరించి, 3 సంవత్సరములు గడువు. ప్రభుత్వముపై దావా వేయుటకు సాధారణముగా 2 నెలల ముందు నోటీసు పంపవలెను.

ఫీజునకు వెరచి యూరకుండుటయు తగదు. 1987వ సంవత్సరపు న్యాయసేవాధికార సంస్థల చట్టము స్త్రీలకును, షెడ్యూల్డు కులములవారికిని, తెగలవారికిని, వరదవంటి ఉపద్రవములకు లోనైనవారికిని ఉచిత న్యాయసహాయమునకు అర్హత నొసగినది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును.

ప్రభుత్వమిచ్చు సహాయము దయయని జనులు తలంచుచున్నారు. నష్టపరిహారము మాత్రము హక్కు. దయకు చేయి చాచిన చాలును. హక్కునకు ఋజువు చూపవలెను. చేయి చాచుట మనకు అలవాటైనది గాని, కాగితము దాచుట అలవాటు కాలేదు. స్వరాజ్యములోని పౌరునకు ఈ రెండవదియే తగిన విద్య. ప్రతి పఠనమందిరమునందును వాలంటీరులు వారమునకొక్క సాయంకాలమైనను కూర్చుండి, చదువురాని పొరుగువారికి ఈ జాబితాలు వ్రాసిపెట్టుదురుగాక. మా వృత్తివారును కక్షిదారునకు తెలిసిన తెనుగులోనే సలహా చెప్పుదురుగాక. ఋజువు లేని హక్కు తాళపుచెవి పోయిన పెట్టెవంటిది.