'ఉస్కో' మానితేనే కుక్క మారుతుంది

పల్లెటూళ్లలో కుక్క లేని వీధి లేదు, పిల్లి తిరగని ఇల్లు లేదు. రాత్రిళ్లు కల్లాన్ని, కొట్టాన్ని కాచేది కుక్క. గాదెలోని గింజ ఎలుకల పాలు కాకుండా చూసేది పిల్లి. రెండూ రైతుకు కావలసినవే. అయినా ఈ రెండింటికీ పొసగక, చివరకు ఇరుగుపొరుగు వారికే పొసగకుండా పోతున్న సందర్భాలు తక్కువేమీ కాదు.

తగాదా ఎక్కువగా ఒకే తీరున మొదలవుతుంది. ఒకరి కుక్క పక్కింటి పిల్లిని తరుముతుంది. దొరికితే పిల్లి చస్తుంది, తప్పించుకుంటే ఆ ఛాయలకు రావడం మానుకుంటుంది. పిల్లి పోయిన ఇంట్లో ఎలుకలు చేరతాయి. పిల్లిని తరిమి రుచి మరిగిన కుక్క రేపు కోడిపిల్లల మీదికి, ఎల్లుండి మేకపిల్లల మీదికి పోదన్న హామీ లేదు. మాటామాటా పెరుగుతుంది. ఏదో ఒక రాత్రి విషం కలిపిన మాంసం ముక్క వీధిలో పడుతుంది. దానిని తిని చచ్చేది తరిమిన కుక్కే కానక్కరలేదు, ఏ పాపం ఎరుగని మరో కుక్క కావచ్చు.

ఇంతకూ తప్పు కుక్కదేనా? ఎదుట ఏదైనా పరుగెత్తితే వెంటపడడం కుక్కకు పుట్టుకతో వచ్చిన గుణం. అది నిజమే. కాని ఆ గుణానికి ఎరువు వేస్తున్నది మనుషులే. అరుగు మీద కూర్చున్న కుర్రకారుకు పిల్లి కనిపిస్తే చాలు, 'ఉస్కో ఉస్కో' అంటూ కుక్కను ఉసిగొల్పుతారు. పిల్లి గోడ ఎక్కేదాకా చూసి నవ్వుకుంటారు. పెద్దలు మందలించకపోగా తామూ నవ్వుతారు. కుక్కకు అది మెప్పు. ఆరు నెలలు ఈ విద్య నేర్పి, ఏడో నెలలో పక్కింటి పిల్లిని పట్టిందని దుడ్డుకర్ర తీయడం ఏమి న్యాయం?

కొట్టడం వల్ల ప్రయోజనం కూడా లేదు. పని జరిగిపోయాక కొడితే ఎందుకు కొట్టారో కుక్కకు అర్థం కాదు. పిల్లిని చూసినప్పుడల్లా దెబ్బలు పడితే, పిల్లి వల్లనే దెబ్బలు పడుతున్నాయని దాని మీద మరింత కసి పెంచుకోవచ్చు. లేదా యజమాని ఎదుట బుద్ధిగా ఉండి, ఆయన పొలం వెళ్లగానే తన పని తాను చేసుకుంటుంది. కర్ర నేర్పేది భయాన్నే గాని బుద్ధిని కాదు.

మరి మార్గమేమిటి? అన్నానికి ముందు గంట మోగించడం అలవాటు చేస్తే, ఆ తర్వాత గంట వినగానే కుక్క నోట నీరూరుతుంది. రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ ప్రయోగాల వల్ల లోకానికి తెలిసిన సంగతి ఇది. గంటకు బదులు పిల్లి కనిపించిందనుకుంటే చాలు. పిల్లి కనిపిస్తే పరుగు కాదు, యజమాని చేతి నుంచి మంచి ముక్క వస్తుందని కుక్కకు నమ్మకం కలగాలి.

ఇందుకు కుక్కకు గట్టి పలుపు కట్టి చేత పట్టుకోవాలి. పిల్లి వాకిలికి అవతలి కొసన, కుక్క రెచ్చిపోనంత దూరంలో ఉండాలి. పిల్లిని కట్టకూడదు. అది ఎక్కి తప్పించుకోవడానికి అటకో, గోడో అందుబాటులో ఉండాలి. కుక్క పిల్లిని చూస్తుంది. చెవులు నిక్కించి, ఒళ్లు బిగించి, చూపు నిలపకముందే పేరు పెట్టి పిలవాలి. తల తిప్పి యజమాని వైపు చూసిన మరుక్షణం రొట్టె ముక్కో, మాంసం ముక్కో నోటికి అందించాలి. అరిచినా, లంఘించినా తిట్టక, కొట్టక ఇంకొంచెం దూరం తీసుకుపోయి మళ్లీ మొదలుపెట్టాలి. పూటకు పది నిమిషాలు చాలు. కుక్క నెమ్మదించిన కొద్దీ దూరం తగ్గించుకుంటూ రావచ్చు. ఇంటిల్లిపాదీ ఒకే మాట వాడాలి. ఒకరు 'వద్దు' అని, మరొకరు 'ఉస్కో' అంటే పడిన శ్రమంతా వృథా.

అన్నిటికంటే ముఖ్యం, ఈ రోజుల్లో కుక్కకు ఒక్కసారి కూడా పిల్లిని తరిమే వీలు ఇవ్వరాదు. తరమడమే దానికి బహుమానం. ఒక్క పరుగు పది రోజుల పాఠాన్ని చెరుపుతుంది. కుక్కను కొత్తగా తెచ్చుకునేవారికి పని ఇంకా సులువు. మూడు నెలల లోపు వయసులో పిల్లితో కలిసిమెలిసి పెరిగిన కుక్కపిల్ల దానిని ఇంటి మనిషిలాగే చూస్తుంది.

'కుక్క తోక వంకర పోతుందా, ఈ పనులకు తీరిక ఏది?' అని పెదవి విరిచేవారు ఉంటారు. దుక్కి తెలియని కోడెకు కాడి అలవాటు చేసే రైతుకు ఓపిక నేర్పవలసిన అవసరం లేదు. రచ్చబండ దగ్గర పంచాయతీకి పోయే పూటలతో పోలిస్తే ఈ పది నిమిషాలు ఎక్కువ కావు. అయితే ప్రతి కుక్కా మారుతుందని చెప్పడానికి లేదు. ఇంటి పిల్లితో స్నేహంగా ఉన్న కుక్క పొరుగు పిల్లిని తరమవచ్చు. ఒకసారి పిల్లిని చంపిన కుక్కను పిల్లి దగ్గర ఒంటరిగా వదలరాదు. అటువంటి దానిని కట్టి ఉంచడమో, వెంట ఉండి తిప్పడమో యజమాని బాధ్యత.

ఈ వ్యవహారంలో మనుషుల ప్రాణాలు కూడా ఇమిడి ఉన్నాయి. కుక్కా పిల్లీ కలబడితే విడదీయబోయి కాటు తినేది ఎక్కువగా పిల్లలే. రేబిస్ కుక్క వల్లనే కాదు, పిల్లి వల్ల కూడా వస్తుంది. జబ్బు బయటపడ్డాక బతికి బట్టకట్టినవారు అరుదు. కాటు పడితే కారం, సున్నం పూయక, గాయాన్ని ధారగా పడే నీటితో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి. పెంచే కుక్కకు, పిల్లికి మూడు నెలల వయసులో, ఆపైన పశువైద్యుడు చెప్పిన ప్రకారం టీకా వేయించాలి.

విషం పెట్టేవారు చట్టాన్ని కూడా గుర్తుంచుకోవాలి. జంతువులను హింసించడం 1960 నాటి చట్టం ప్రకారం నేరం. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ ప్రకారం జంతువుకు విషం పెట్టినా, చంపినా అయిదేళ్ల వరకు జైలు, జరిమానా పడవచ్చు.

దీనికి సర్కారు నిధులు అక్కర్లేదు, అధికారులు రానక్కర్లేదు. బడిలో ఉపాధ్యాయులు, ఇంట్లో తల్లిదండ్రులు పిల్లల చేత 'ఉస్కో' అన్న ఒక్క మాట మాన్పించాలి. కుక్కను పెంచేవారు అది చేసే నష్టానికి తామే బాధ్యులమని ఒప్పుకోవాలి. పక్కింటి పిల్లి చస్తే 'కుక్క కదా, దానికేం తెలుసు' అని దులుపుకుపోవడం పెద్దరికం కాదు. కుక్కకు తెలియని మాట నిజమే, తెలియజెప్పవలసినవారు మనుషులే.