బరిలో ఎదురుగా తోడబుట్టినవాడు

పిట్స్‌బర్గ్‌లో ఓ రాత్రి. చర్చి నుంచి ఇంటికొచ్చిన ముసలాయన, మెట్ల మీద ఎవరో కూర్చుని ఉండటం చూసి ఆగిపోతాడు. ఆ వచ్చింది చిన్నకొడుకు టామీ, ఎన్నో ఏళ్ల కిందట తల్లితో పాటు ఇల్లు విడిచి వెళ్లిపోయిన పిల్లవాడు. చేతిలో మందు సీసా. తండ్రి ప్యాడీ కాన్లన్ తాగుడు మానేసి వెయ్యి రోజులు కావస్తోంది. ఆ సంగతి కొడుకుకు చెప్పుకోవాలని ఆయన ఆశ. కొడుకేమో సీసా ముందుకు చాపుతాడు. తాగకపోతే, తాగినప్పటి నాన్నే నయమన్నట్టు మాట్లాడతాడు. ఇద్దరూ పెద్దగా అరవరు, చెయ్యి చేసుకోరు. అయినా ఆ గదిలో ఒకప్పుడు ఏం జరిగేదో చూసేవాళ్లకు అర్థమైపోతుంది.

గావిన్ ఓకానర్ తీసిన ‘వారియర్’ ఇలా మొదలవుతుంది. 2011 సెప్టెంబర్‌లో విడుదలైనప్పుడు థియేటర్లలో పెట్టిన ఖర్చు కూడా రాబట్టుకోలేకపోయింది. ఆ తర్వాత ఇళ్లలో చూసినవాళ్లు చూసి, ఒకరికొకరు చెప్పుకుని దాన్ని నిలబెట్టారు. కొట్లాట సినిమాలు తీసే తెలుగు దర్శకులు మరోసారి కూర్చుని చూడాల్సిన సినిమా ఇది. ఫైట్ల కోసం కాదు, ఆ ఫైట్లు ఎవరి మధ్య జరుగుతాయో గమనించడానికి.

అన్న బ్రెండన్ బడిలో ఫిజిక్స్ పాఠాలు చెప్పే పంతులు. కూతురి గుండె ఆపరేషన్‌కు చేసిన అప్పు, ఇంటి మీద తీసుకున్న రుణం కలిసి మెడకు చుట్టుకున్నాయి. ఇల్లు బ్యాంకు పరమయ్యేలా ఉంటే రాత్రిపూట చిన్నచిన్న పోటీల్లో కొట్లాడి డబ్బు సంపాదిస్తాడు. సంగతి బయటపడి, జీతం లేకుండా బడి నుంచి సస్పెండ్ అవుతాడు. తమ్ముడు టామీ సైన్యం నుంచి పారిపోయి వచ్చినవాడు. యుద్ధంలో పోయిన స్నేహితుడి భార్యాపిల్లలకు ఇస్తానన్న డబ్బు కోసం బరిలోకి దిగుతాడు. తండ్రి ఇంటిపేరు వదిలేసి తల్లి పుట్టింటి పేరు పెట్టుకుంటాడు. అట్లాంటిక్ సిటీలో ‘స్పార్టా’ పోటీ. పదహారు మంది, రెండు రోజులు, గెలిచినవాడికి 50 లక్షల డాలర్లు. ఫైనల్లో మిగిలేది ఈ ఇద్దరే అని పోస్టర్ చూస్తేనే తెలుస్తుంది. అయినా ప్రేక్షకుడు కుర్చీ అంచున కూర్చుంటాడు. ఎవరు గెలుస్తారన్న ఉత్కంఠ కాదది. ఎవరు ఓడినా ఓడేది మనవాడే అన్న బెంగ.

ఇది మనవాళ్లకు తెలియని బాధేం కాదు. హస్తినాపురంలో రాకుమారులు విద్యాప్రదర్శన చేస్తున్న రోజున కర్ణుడు రంగంలోకి వచ్చి అర్జునుడికి ఎదురు నిలిచాడు. చూడవచ్చిన వేలమందిలో ఇద్దరూ తన కడుపున పుట్టినవాళ్లేనని తెలిసింది కుంతి ఒక్కదానికే. ఆవిడ మూర్ఛపోయింది. ఆ సభ మొత్తంలో అసలైన దెబ్బ తగిలింది ఆవిడకే. ఇంత పెద్ద ఘట్టం మన కథల్లో ఉండగా, మన సినిమా ఆ కుంతి కుర్చీలో ప్రేక్షకుణ్ని ఎందుకు కూర్చోబెట్టదన్నదే ఇక్కడి ప్రశ్న.

2003లో వచ్చిన ‘అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి’నే తీసుకోవచ్చు. పూరి జగన్నాథ్ సినిమాల్లో అంత తడి ఉన్నది అరుదు. హైదరాబాద్‌లో కొడుకును ఒంటరిగా పెంచిన తల్లిగా జయసుధ, వాళ్లిద్దరినీ వదిలేసి విశాఖలో కిక్‌బాక్సింగ్ నేర్పుతూ బతుకుతున్న తండ్రిగా ప్రకాశ్‌రాజ్, తల్లి పోయాక ఆ తండ్రి గడప తొక్కిన కొడుకుగా రవితేజ. తండ్రీకొడుకులు ఎదురుపడిన ప్రతిచోటా సినిమాకు కొత్త ఊపిరి వస్తుంది. మరి బరిలో కొడుకు ఎవరితో తలపడ్డాడు? తండ్రిని మోసం చేసి పోయిన శిష్యుడితో. తండ్రి మీదున్న కోపం తీరా బరిదాకా వచ్చేసరికి తండ్రి శత్రువు మీదకు మళ్లిపోయింది. వెళ్లి నాన్న దగ్గర ఉండమని చనిపోతూ అమ్మ చెప్పింది కాబట్టి క్షమాపణ సగం అక్కడే జరిగిపోయింది. మిగతా సగం గెలుపు పూర్తిచేసింది. ఆ తల్లి అన్నేళ్లు ఒంటరిగా పడ్డ కష్టానికి ఆ తండ్రి నుంచి జవాబు రాబట్టే మనిషి మాత్రం కథలో లేకుండా పోయాడు.

ఆ సినిమా జనాదరణను ఎవరూ కాదనలేరు. మరుసటి ఏడాదే తమిళంలోకి వెళ్లి అక్కడా ఆడింది. అయితే ఆ తర్వాత వచ్చినవి ఆ దారినే మరింత తేలికచేసుకున్నాయి. 2022లో ‘గని’లో బాక్సింగ్ జోలికి పోనని కొడుకు దగ్గర తల్లి మాట తీసుకుంటుంది. గట్టి ముడి అది. దాన్ని తల్లీకొడుకుల మధ్యే బిగించి ఉంటే ఎంత బాగుండేది! కథ మాత్రం మోసగాళ్ల వెంట పరుగెత్తింది. అదే ఏడాది ‘లైగర్’ కరీంనగర్ తల్లీకొడుకులను ముంబయికి తీసుకెళ్లింది, మైక్ టైసన్ అంతటివాణ్ని తెర మీదకు తెచ్చింది, తల్లీకొడుకుల మధ్య మాత్రం ఒక్క గడ్డు క్షణం ఉంచలేకపోయింది.

‘గురు’ నయం. 2017లో సుధ కొంగర తీసిన ఆ సినిమాలో బాక్సర్లిద్దరూ అక్కాచెల్లెళ్లు. పోలీసు ఉద్యోగం వస్తుందన్న ఆశతో ఏళ్ల తరబడి చెమటోడ్చిన అక్కను కాదని, కూరగాయలమ్ముకునే చెల్లెల్ని కోచ్ ఎంచుకుంటాడు. అక్కకు కడుపు మండుతుంది. మండటం తప్పని సినిమా తీర్పు చెప్పదు, చూపిస్తుంది. కిక్‌బాక్సింగ్ నిజంగా నేర్చిన రితికా సింగ్ చెల్లెలి పాత్ర వేయడం వల్ల దెబ్బలకు బరువొచ్చింది. కానీ అక్క వల్ల ఇంట్లో చెలరేగిన ఆ మంట కథలో ఒక మజిలీగా ఆగిపోయింది. చివరి పోటీ ఎక్కడో పరాయి క్రీడాకారిణితో.

‘వారియర్’ ఈ పక్కదారి పట్టలేదు. పైగా ఆ ఆటలోని ఒక నియమాన్ని కథకు కీలకం చేసుకుంది. మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌లో పట్టు బిగిసి, ఇక ఓర్చుకోలేననుకున్నవాడు అరచేత్తో ప్రత్యర్థి ఒంటి మీదో నేల మీదో తడతాడు. దాన్నే ట్యాప్ అంటారు. తట్టగానే రెఫరీ ఆపేస్తాడు. బాక్సింగ్‌లో సాధారణంగా మనిషి పడిపోవడమో, పాయింట్లు లెక్కపెట్టడమో ఓటమిని తేలుస్తుంది. కుస్తీలో వీపు నేలకు ఆనితే చాలు. ఇక్కడ మాత్రం ఓడేవాడు తన చేత్తో తాను ఒప్పుకోవచ్చు. తల్లి జబ్బుపడి తన చేతుల్లో పోతుంటే అన్న పక్కన లేడన్న కక్షను ఇన్నేళ్లు మోసిన టామీ, భుజం కీలు తప్పినా తట్టడు. అన్న అతని మెడ చుట్టూ పట్టు బిగించి, తప్పయిపోయిందని, ప్రేమిస్తున్నానని చెవిలో చెబుతూ ఉంటాడు. అప్పుడు టామీ చెయ్యి లేచి అన్న ఒంటి మీద తడుతుంది. ఇల్లు విడిచిన రోజు నుంచి తమ్ముడు అన్నతో చెప్పలేకపోయిన మాట అదే.

క్షమాపణ అన్నకు దొరికింది. మరి తండ్రికి? ఇక్కడే ఈ సినిమా మామూలు సినిమాలను దాటిపోతుంది. శిక్షణ ఇస్తే చాలు, నాన్నలా మాట్లాడకు అన్నదే టామీ ఒప్పందం. పెద్దకొడుకేమో మనవరాళ్ల దాకా రానివ్వకుండా వాకిట్లోనే నిలబెట్టి, మాట్లాడాలంటే ఫోనో ఉత్తరమో చాలంటాడు. కొడుకును మెచ్చుకోవాలని జూదశాలకు వచ్చిన ప్యాడీ ముఖాన టామీ చిల్లర విసిరేస్తాడు. ఆ రాత్రి ముసలాయన మళ్లీ తాగుతాడు. వెయ్యి రోజుల నిగ్రహం ఒక్క రాత్రిలో పోతుంది. సినిమా పొడుగునా చెవుల్లో పెట్టుకుని వింటున్న ‘మోబీ డిక్’ నవల ఆయన తలకెక్కుతుంది. పిచ్చి పంతంతో ఓడను ముంచేసే ఆ కెప్టెన్‌ను ఓడ ఆపమంటూ హోటల్ గదిలో అరుస్తాడు. టామీ వచ్చి ఆయన్ని పసిపిల్లాడిలా పొదివి పట్టుకుంటాడు. ఒక్క మంచిమాట అనడు, క్షమించానని కూడా అనడు. అంత కర్కశంగా చిల్లర విసిరిన చేతులే జోలపాడినట్టు నిమురుతాయి. ఆ పాత్రకు నిక్ నోల్టీ ఆస్కార్ సహాయ నటుడి నామినేషన్ దాకా వెళ్లాడు. అవార్డు క్రిస్టఫర్ ప్లమ్మర్‌కు వెళ్లింది గానీ, ఈ ఒక్క సీను చాలు నోల్టీని గుర్తుపెట్టుకోవడానికి.

ఇదే కథను 2015లో హిందీలో ‘బ్రదర్స్’గా అధికారికంగా తీశారు. అక్షయ్ కుమార్, సిద్ధార్థ్ మల్హోత్రా అన్నదమ్ములు, జాకీ ష్రాఫ్ తండ్రి. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఇంటి రహస్యాలు దాచుకునే కుటుంబాల కథ ఇది. హిందీవాళ్లు దాపరికమంతా ముందే బయటపెట్టేశారు. తాగినమత్తులో తండ్రి చేతుల్లో తల్లి ప్రాణం పోవడం ఫ్లాష్‌బ్యాక్‌లో వివరంగా చూపించారు, మధ్యలో ఓ ఐటమ్ పాటా పెట్టారు. ‘వారియర్’లో ఆ పిల్లల బాల్యం ఒక్క షాట్ కూడా కనిపించదు. కొడుకులు తండ్రికి ఎంత దూరంలో నిలబడుతున్నారో చూసి ఆ ఇంట్లో రాత్రులెలా గడిచేవో మనమే ఊహించుకోవాలి. తెర మీద చూపించిన దెబ్బ కన్నా ఊహించుకున్న దెబ్బ ఎక్కువ నొప్పెడుతుంది. హిందీ రూపంలో కథ మిగిలింది, ఆ నొప్పి మిగల్లేదు.

తెలుగులో ఇలాంటి ఇళ్లు లేవా? తాగుడు వల్ల చెల్లాచెదురైన సంసారాలు, అమ్మ వైపు ఒకడు నాన్న వైపు ఒకడు పెరిగిన అన్నదమ్ములు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వాళ్ల కథ తీయడానికి అట్లాంటిక్ సిటీ అక్కర్లేదు, విశాఖలోనో కరీంనగర్‌లోనో ఒక జిమ్ము చాలు. ఆఖరి పోటీలో పరాయి విలన్‌ను తెచ్చి పెట్టకుండా ఉండే ధైర్యం మాత్రం కావాలి. తండ్రిని క్షమించాలా వద్దా అన్నది తల్లి ఆఖరి మాటకు వదిలేయకుండా, పిల్లల్నే తేల్చుకోనివ్వాలి.

‘వారియర్’ చివర్లో అన్నదమ్ములిద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని జనాన్ని తోసుకుంటూ లోపలికి నడిచి వెళ్లిపోతారు. కీలు తప్పిన తమ్ముడి భుజాన్ని అన్న కాచుకుంటూ ఉంటాడు. తండ్రి వాళ్లతో లేడు. ఆయన ప్రేక్షకుల మధ్య నిలబడి, తడిసిన కళ్లతో వాళ్లు వెళ్తున్న వైపే చూస్తున్నాడు.