కొలిచే యంత్రాన్ని ముందు కొలవాలి

వస్తువును తూచే ముందు తరాజు ముల్లు సరిగా నిలిచినదో లేదో చూసుకొనడం లోకమర్యాద. పిట్లం, పెద్దకొడప్‌గల్, మద్నూరు ప్రాంతాల రైతు తన సోయాను, పెసలను అమ్ముకొనే వేళ తూకపు రాయిపై తూనికలు కొలతల శాఖవారి ముద్ర ఉన్నదా అని అడగవచ్చు. అది అతని హక్కు. ముద్ర లేని రాయి ఎంత బరువుగా ఉన్నా దానితో వేసినది తూకం అనిపించుకోదు. బస్తా గింజల విషయంలో మనం కోరే ఈ చిన్న న్యాయాన్ని, ప్రాణమున్న జీవులపై జరిగే వైద్య పరిశోధనలో కూడా కోరవలదా? ఈ ప్రశ్నను మన కళాశాల విద్యార్థుల ముందు, పెద్దల ముందు ఉంచడమే ఈ వ్యాసం యొక్క ఉద్దేశం.

క్రొత్త మందు మనిషి చేతికి రాకముందు సాధారణంగా చుంచెలుకలు, ఎలుకలు మొదలైన జీవులపై పరీక్షింపబడుతుంది. మానవ ప్రయోగానికి పూర్వమైన ఈ దశలో గత కొన్ని దశాబ్దాలుగా అణు చిత్రణ యంత్రాలను వాడుతున్నారు. గ్లూకోజును పోలిన ఒక పదార్థానికి రేడియోధార్మికమైన ఫ్లోరిన్-18ను జోడించి, అతి స్వల్ప ప్రమాణంలో జంతువు రక్తంలోనికి ఎక్కిస్తారు. చక్కెరను విరివిగా వాడుకొనే క్యాన్సరు గడ్డ దానిని అధికంగా గ్రహిస్తుంది. ఫ్లోరిన్-18 నుండి వెలువడిన పాజిట్రాన్ దగ్గరలోని ఎలక్ట్రానుతో కలిసి నశించినప్పుడు, ఒక్కొక్కటి 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గల రెండు గామా కిరణాలు దాదాపు ఎదురెదురు దిక్కులకు పరుగెత్తుతాయి. జంతువు చుట్టూ వలయాకారంగా అమర్చిన స్ఫటికాలు ఆ జంటను ఒకేసారి పట్టుకొంటాయి. ఇట్టి లక్షలాది జంటలను లెక్కించి కంప్యూటరు శరీరాంతర్భాగపు చిత్రాన్ని రూపొందిస్తుంది. ఈ యంత్రమే పెట్ స్కానరు.

మనుషుల కొరకు చేసిన స్కానరు సుమారు నాలుగైదు మిల్లీమీటర్ల ఎడం గల బిందువులను వేరువేరుగా చూపగలదు. 70 కిలోల మనిషికి అది చాలును. ఇరవై ముప్పై గ్రాముల చుంచెలుకకు చాలదు. దాని మెదడే సుమారు ఒక సెంటీమీటరు. అందువలన అమెరికాలో లాస్ ఏంజెలెస్ నగరంలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సైమన్ చెర్రీ, ఆయన సహచరులు మైక్రోపెట్ అనే చిన్న యంత్రాన్ని నిర్మించి, 1997లో దాని వివరాలను ప్రకటించారు. రెండు మిల్లీమీటర్ల వెడల్పు గల స్ఫటికాలతో అది సుమారు 1.8 మిల్లీమీటర్ల సూక్ష్మతను సాధించింది. ఆ తరువాత అనేక సంస్థలు ఇట్టి యంత్రాలను తయారుచేశాయి.

ఈ యంత్రం వలన జీవకారుణ్యానికి గొప్ప మేలు కలుగగలదు. 1959లో రసెల్, బర్చ్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞులు జంతు ప్రయోగాలకు మూడు నియమాలను ప్రతిపాదించారు. సాధ్యమైన చోట జంతువుకు బదులు వేరొక మార్గాన్ని వెదకడం మొదటిది. జంతువుల సంఖ్యను తగ్గించడం రెండవది. వాటి బాధను తగ్గించడం మూడవది. ఒక మందు ప్రభావాన్ని ఐదు వారాలపాటు వారానికొకసారి తెలుసుకోదలచామనుకొందాం. ప్రతి వారం ఎనిమిది జీవులను చంపి అవయవాలను కొలిచే పద్ధతిలో నలభై జీవులు బలి కావాలి. స్కానరు ఉంటే అవే ఎనిమిది జీవులను ఐదు మార్లు చూడవచ్చును. ముప్పై రెండు ప్రాణాలు మిగులుతాయి.

కాని ఈ లెక్క వెనుక ఒక షరతు దాగి ఉన్నది. మొదటి వారం కొలిచిన యంత్రం, ఐదవ వారం కొలిచిన యంత్రం ఒకే మాట చెప్పాలి. ఆ మధ్యకాలంలో దాని లెక్క నూటికి ఇరవై పాళ్ళు జారిపోతే, గడ్డ కరగకున్నా కరిగినట్లే చిత్రంలో కనిపిస్తుంది. పొరపాటు బయటపడితే ప్రయోగాన్ని మరల చేయాలి; ఆ ఎనిమిది ప్రాణాలు వృథా. బయటపడకపోతే అంతకంటె ప్రమాదం. పనిచేయని మందు పనిచేసినట్లు పేరు తెచ్చుకొని, ఆశతో ఎదురుచూచే రోగి వరకు ప్రయాణిస్తుంది. కనుక యంత్రాన్ని పరీక్షించడమంటే కేవలం మరమ్మతు పని కాదు, అది నీతికి సంబంధించిన విషయం.

ఈ పరీక్షకు ఒక ఉమ్మడి కొలబద్ద లేకపోలేదు. అమెరికాలోని విద్యుత్ పరికరాల ఉత్పత్తిదారుల జాతీయ సంఘం, అనగా నెమా, చిన్న జంతువుల పెట్ స్కానర్ల కొరకు ‘ఎన్‌యు 4-2008’ అనే ప్రమాణాన్ని వెలువరించింది. దాని ప్రకారం, పది మిల్లీమీటర్ల యాక్రిలిక్ ఘనం నడుమ 0.3 మిల్లీమీటరుకు మించని సోడియం-22 చుక్కను ఉంచి, యంత్రం దానిని ఎంత చిన్నదిగా చూపగలదో, ఎన్ని కిరణాలను పట్టగలదో కొలుస్తారు. జంతువులకు బదులు పాలిథిలీన్ స్తూపాలను వాడుతారు. చుంచెలుకకు ప్రతిగా 25 మిల్లీమీటర్ల వ్యాసం, 70 మిల్లీమీటర్ల పొడవు గల స్తూపం. ఎలుకకు 50, 150. కోతికి 100, 400. దారి తప్పి వచ్చిన కిరణాలు ఎన్ని, రేడియోధార్మికత పెరిగినప్పుడు యంత్రం లెక్క తప్పుతున్నదా అనేవి వీటితో తేలుతాయి. మరొక నమూనాలో ఒకటి మొదలు ఐదు మిల్లీమీటర్ల వరకు వ్యాసం గల ఐదు సన్నని నాళాలను ఫ్లోరిన్-18 ద్రావణంతో నింపి, ఉన్నదానిలో ఎంత పాలు చిత్రంలో కనిపించినదో చూస్తారు. అందులోనే నీటితో ఒకటి, గాలితో ఒకటి నిండిన రెండు గదులుంటాయి. అక్కడ రేడియోధార్మికత ఉండదు. ఉన్నట్లు చిత్రంలో కనిపిస్తే అది యంత్రపు భ్రమ. ఈ పరీక్షలో ఏ ప్రాణికీ హాని లేదనే విషయం గమనింపదగినది.

2012లో వెలువడిన ఒక అధ్యయనంలో పలు నమూనాల యంత్రాలను ఈ ప్రమాణంతోనే పోల్చి చూడగా, వెలువడిన కిరణాల జంటలలో అవి గరిష్ఠంగా పట్టగలిగినది ఒకదానిలో నూటికి ఒక పాలు, మరొకదానిలో ఆరు పాళ్ళకు పైబడి తేలింది. అన్నిటి పేరు స్కానరే అయినా అన్నిటి చూపు ఒకటి కాదు. ఒకచోటి ఫలితాన్ని మరొకచోటి ఫలితంతో పోల్చేవారు యంత్రపు పరీక్షాపత్రం చూడకుండ పోల్చితే ఫలమేమున్నది?

ఈ విషయం మనకు దూరపు ముచ్చట కాదు. మన రాజధానియైన హైదరాబాదులో 1958 నుండి నెలకొన్న జాతీయ పోషకాహార సంస్థకు ప్రయోగ జంతువుల పెంపకంలో చిరకాల అనుభవం ఉన్నది. నగర శివారులోని జీనోమ్ వ్యాలీలో మందుల పరిశోధన విస్తరించింది. రేడియోధార్మికతను కొలిచే పరికరాలను దేశీయంగా తయారుచేసిన ఇ.సి.ఐ.ఎల్. 1967లో ఈ నగరంలోనే స్థాపింపబడింది; దానికి సారథ్యం వహించిన డాక్టర్ ఎ. ఎస్. రావు పశ్చిమ గోదావరి బిడ్డ. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు అమెరికాలో మొట్టమొదట వినవచ్చినది ఏ మందు వలననో కాదు. రక్తంలోను, మూత్రంలోను భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించినందువలన. ఆ కొలత చేతికి వచ్చిన తరువాతనే కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్ ఆయనకు కనిపించింది. కొలత ముందు, ఆవిష్కరణ తరువాత అనడానికి ఇంతకంటె మన ఇంటి ఉదాహరణ ఏమి కావాలి?

మన దేశంలో 1960 నాటి జంతుహింసా నివారణ చట్టం, దాని క్రింద 1998లో వచ్చిన నియమాలు ఉన్నవి. వీటిని అనుసరించి జంతు ప్రయోగాలు జరిపే సంస్థలో నైతిక సంఘం ఉండాలి. ఎన్ని జంతువులు, ఎందులకు అని అది విచారించి అనుమతించాలి. నా విన్నపం ఒక్కటే. ఆ సంఘం జంతువుల సంఖ్యను అడిగినట్లే, వాటిని కొలిచే స్కానరు పరీక్షాపత్రాన్ని కూడా అడగాలి. పత్రం లేనిచో జంతువును ఇవ్వరాదు. ఫలితాలను ప్రచురించేటప్పుడు ఆ పత్రంలోని అంకెలను కూడా వెల్లడించాలి.

దీనికి రెండు ఆక్షేపణలు రావచ్చును. ఖర్చు, కాలం వృథా అని కొందరంటారు. ఫ్లోరిన్-18 సుమారు 110 నిమిషాలకే సగమైపోతుంది గనుక దానితో చేసే పూర్తి పరీక్ష శ్రమతో కూడినదే. కాని దానిని యంత్రం స్థాపించినప్పుడు, పెద్ద మరమ్మతు జరిగినప్పుడు, ఏటా ఒకసారి జరిపితే చాలును. సోడియం-22 సగమగుటకు 2.6 సంవత్సరాలు పడుతుంది. దానితో దినదినపు తనిఖీ సులభం. పాడైపోయిన ఒక ప్రయోగం ఖర్చు ముందు ఇది ఏపాటిది? అసలు జంతు ప్రయోగాలే వద్దని మరికొందరంటారు. వారి హృదయం మెచ్చదగినది. 2023లో మన ఔషధ నియమాలను సవరించి, జంతువులు లేని పరీక్షా పద్ధతులకు కూడా చోటిచ్చారు. ఆ మార్గం విస్తరించవలసినదే. అయితే జంతు ప్రయోగాలు సాగుతున్నంత కాలం, ప్రతి ప్రాణానికి తగిన విలువ గల సమాధానం రాబట్టడం మన బాధ్యత.

విద్యార్థినీ విద్యార్థులారా! భౌతికశాస్త్రం చదివేవారు జీవశాస్త్రంతో మనకేమి పని అని, జీవశాస్త్రం చదివేవారు లెక్కలతో మనకేమి పని అని అనుకొనే కాలం గడచిపోయింది. ఇట్టి యంత్రాలను పరీక్షించడానికి రెండూ తెలిసినవారు కావాలి. ఆ విద్యకు పునాది మన ప్రయోగశాలలోనే పడుతుంది. త్రాసును వాడే ముందు సున్నా చూడండి. థర్మామీటరును కరిగే మంచులో ఉంచి చూడండి. వచ్చిన అంకెను దిద్దక ఉన్నదున్నట్లు వ్రాయండి. కళాశాల యాజమాన్య సంఘంవారు ప్రతి సంవత్సరారంభంలో ప్రయోగశాల పరికరాలను విద్యార్థుల చేతనే సరిచూపించి, ఆ వివరాలను గోడపై ప్రకటింపజేస్తే ఎంతో మేలు. తెలుగున కొలత అన్నా, ఉర్దూన పైమానా అన్నా, దాని ప్రాణం నిజాయితీయే. నోరులేని జీవి తనను కొలిచిన యంత్రం సరియైనదా అని అడగలేదు. దాని బదులు ఆ ప్రశ్న అడగవలసినది చదువుకొన్న మనమే.