బఠాణీగింజంత యింటిపెద్ద

కొల్లేటి చేపకూ, మన పిల్లల పొడుగుకూ చుట్టరికం వుందంటే నవ్వుతారు. కాని వుంది.

బొచ్చె, శీలావతి, మోసు చేపలు ఏటినీళ్ళలో గుడ్లు పెడతాయిగాని చెరువులో పెట్టవు. అందుచేత వెనక చేపపిల్లలను వరదనీళ్ళలో ఏరుకోవలసి వచ్చేది. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, అలికున్హి అనే శాస్త్రజ్ఞులు ఆ చిక్కు విప్పారు. వొక చేప మెదడు అడుగునుంచి పీయూషగ్రంథిని తీసి, దాని రసాన్ని వేరొక చేపకు సూదివేస్తే, అది గుడ్లు పెట్టింది! యివాళ కైకలూరు, ఆకివీడు చుట్టూ కనిపించే చేపల చెరువులకు దారి తీసింది ఆ సూదే. యిప్పుడు గ్రంథిరసానికి బదులు ప్రయోగశాలలో తయారైన మందు వాడుతున్నారు. కిటుకు మాత్రం అదే.

ఆ పీయూషగ్రంథి మనకూ వుంది. ముక్కు మొదలుకు వెనకగా, మెదడు అడుగున, యెముక గుంటలో కూచుని వుంటుంది. బఠాణీగింజంత, బరువు అరగ్రాము. పీయూషమంటే అమృతం గదా! ఉమ్మడి కుటుంబంలో యింటిపెద్దలాగా, కూచున్నచోటినుంచే అందరిచేతా పనులు చేయిస్తుంది. చేపచేత గుడ్లు పెట్టించే హార్మోను వేరు, పిల్లవాణ్ణి పెంచే హార్మోను వేరు. రెంటికీ పుట్టిల్లు మాత్రం వొక్కటే.

ఈ పెరుగుదల హార్మోను రోజంతా వొకే ధారగా రాదు. వంతులవారీగా కాలవకు నీరు వదిలినట్టు విడతలుగా వస్తుంది. పెద్ద విడత పిల్లలు గాఢంగా నిద్రపోయే తొలిజామున. అది కాలేయానికి కబురంపుతుంది. కాలేయం వేరొక హార్మోనును పంపుతుంది. రెండూ కలిసి, పొడుగాటి యెముకల కొసలనున్న మెత్తని పొరలను పెంచుతాయి. ఆడపిల్లలకు సుమారు 15 యేళ్ళకు, మగపిల్లలకు 17 యేళ్ళకు ఆ పొరలు గట్టి యెముకగా మారిపోతాయి. అంటే లాకులు మూసేశారన్నమాట. ఆపైన యే మందూ మనిషిని పొడుగు చెయ్యదు. హార్మోను మాత్రం జన్మంతా వూరుతూనే వుంటుంది. కండను నిలిపి, కొవ్వును అదుపులో పెడుతుంది. పెద్దవయసులో అది మితిమీరితే చేతులూ, పాదాలూ, దవడా పెరుగుతాయి. ఉంగరం బిగుస్తుంది, చెప్పులు చాలవు.

ఇక అసలు సంగతి. పిల్లవాడు పొట్టిగా వుంటే, ఏలూరులోనైనా తాడేపల్లిగూడెంలోనైనా, తల్లిదండ్రులు రెండు రకాలు. ‘వాళ్ళ తాతా అంతే’ అని వూరుకునేవారు వొకరు. ప్రకటన చూసి పొడుగుపొడుం కొనేవారు యింకొకరు. యిద్దరూ పోగొట్టేది కాలాన్నే.

యేటా పుట్టినరోజున ద్వారబంధం మీద వొక పెన్సిలు గీత గీయండి. నాలుగేళ్ళు దాటినప్పటినుంచి ఈడు వచ్చేదాకా గీతకూ గీతకూ నడుమ రెండంగుళాలుంటే బెంగ లేదు. తల్లిదండ్రులు పొట్టివాళ్ళై, పిల్ల యేటా సరిగా యెదుగుతూ వుంటే అది జబ్బు కాదు. వొకటిన్నర అంగుళంకన్న తగ్గితే పిల్లల డాక్టరుకు చూపండి. తిండిలోపం కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, పేగుల జబ్బు కావచ్చు. పెరుగుదల హార్మోను తక్కువ కావడం వాటిలో వొకటి.

దానికి మందు వుంది. దాని కథా చిన్నది కాదు. పశువుల హార్మోను మనిషికి పనిచెయ్యదు. 1958లో అమెరికాలో రేబెన్ అనే డాక్టరు, చనిపోయినవారి గ్రంథులనుంచి తీసిన హార్మోనుతో వొక కుర్రవాణ్ణి పొడుగు చేశారు. 1985లో, అటువంటి మందువల్ల కొందరికి మెదడుకు ప్రాణాంతకమైన జబ్బు వచ్చినట్టు తేలి, అక్కడ దాన్ని ఆపేశారు. ఆ యేడే సూక్ష్మజీవులచేత తయారుచేయించిన హార్మోను వచ్చింది. సాధారణంగా రోజూ వొక సూది, యేళ్ళ తరబడి, ఖర్చూ యెక్కువే. కాని లోపం వున్న పిల్లకు, లాకులు మూయకముందు మొదలుపెడితే, పొడుగు దక్కుతుంది.

మనం ఆడపిల్ల పొడుగును శ్రద్ధగా కొలిచేది పెళ్ళిచూపులప్పుడు. అప్పటికి లాకులు మూసి యెన్నేళ్ళో అవుతుంది. కొలవవలసింది ఆరోయేట, యేడోయేట.