నోరు లేని ‘కె’

వేసవి సెలవులకు వచ్చిన మా మేనల్లుడు మొన్న సాయంత్రం వరండాలో కూచుని ఇంగ్లీషు వాచకం పైకి చదువుతున్నాడు. వాడికి తొమ్మిదో ఏడు. నిరుటిదాకా తెలుగు బడిలో చదివినవాడు. ‘ఐ క్నో’ అన్నాడు. ఇంటిల్లిపాదీ గొల్లున నవ్వారు. నవ్వినవాళ్లలో నేనూ వున్నానని చెప్పడానికి సిగ్గుగా వుంది. పాఠాలు చెప్పి బతికేవాణ్ణి గదా! వాడు పుస్తకం మూసేశాడు. మరునాడు చదవమంటే పెదవులు కదిలాయిగాని గొంతు పెగల్లేదు.

‘‘తెలుసు అనడానికి వాళ్లు ‘నో’ అంటారురా. ముందున్న కె పలకదు’’ అన్నాను.

‘‘పలకనప్పుడు ఎందుకు రాశారు మామయ్యా?’’

ఇలాంటప్పుడు పెద్దవాళ్లం ‘‘అదంతే’’ అంటాం. నేనూ అదే అన్నాను. రాత్రి నిద్రపట్టక నిఘంటువులు దింపాను.

వాడి తప్పల్లా నాలుగు వందల ఏళ్లు ఆలస్యంగా పుట్టడమే! పాత ఇంగ్లీషులో ఈ క్రియ ‘క్నావన్’. కె నిక్షేపంలా పలికేవారు. 1476లో కాక్‌స్టన్ అనే ఆయన వెస్ట్‌మినిస్టరులో అచ్చుయంత్రం పెట్టాడు. అచ్చు మూలాన మాటల వర్ణక్రమం మెల్లిమెల్లిగా గట్టిపడింది. ఆ తర్వాత, పదిహేడో శతాబ్దంలో, నాలుక ఆ కెని వదిలేసింది, కాగితం వదల్లేదు. అద్దెకున్నవాళ్లు ఖాళీచేసి వెళ్లిపోయినా గుమ్మంమీద వాళ్ల పేరుబల్ల మిగిలినట్టు.

ఇంతకూ ఆ ‘క్న’ ఎక్కడిది? 1786లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీలో సర్ విలియం జోన్సు, సంస్కృతమూ గ్రీకూ లాటినూ ఒకే మూలం నుంచి వచ్చివుండాలని ఉపన్యసించాడు. తర్వాతి పండితులు ఆ దారినే వెళ్లి ఇంగ్లీషు ‘నో’, గ్రీకు లాటినుల్లోని ‘గ్నో’, సంస్కృతంలోని ‘జ్ఞా’ ధాతువు తోబుట్టువులని తేల్చారు. మనం మాత్రం? ‘జ్ఞ’ అని రాసి ‘గ్న్య’ అని పలుకుతాం. జ్ఞానం అనే మాటలోనే రాసేదొకటీ పలికేదొకటీ అయినవాళ్లం, పిల్లవాణ్ణి చూసి నవ్వడానికి మనకేం హక్కుంది?

అక్కడితో అయిపోలేదు. ఇంగ్లీషువాడు కెని మింగినట్టే, ప్రాకృతం మాట్లాడినవాళ్ల నోట ఈ జ్ఞ కూడా అరిగి, వట్టి నకారం మిగిలింది. ఆజ్ఞ ‘ఆన’ అయింది. సంజ్ఞ ‘సన్న’ అయి మన కనుసన్నల్లో వుంది. విజ్ఞాపనం ‘విన్నప’మై కలెక్టరుగారి బల్లమీదికి వెళుతున్నది. తేడా ఒక్కటే: మనవాళ్లు నోటితోపాటు రాతనూ మార్చేశారు. అంచేత విన్నపం అనే మాట చదివి ఏ పిల్లవాడూ నవ్వులపాలు కాడు.

మన ‘తెలియు’ మాత్రం ఈ ఇంటిది కాదు. అది ద్రావిడం, తెలుపు, తేట, తెల్లవారడం దాని చుట్టాలు. చీకటి విడితే వస్తువు కనబడుతుందే, అదీ తెలియడమంటే! అందుకేనేమో, ఇంగ్లీషువాడు ‘నేను’ అని మొదలుపెడితే, మనం ‘నాకు తెలుసు’ అంటాం. విషయమే మనదాకా రావాలి. నాకు ఆ రాత్రి తెల్లవారుజామున తెలిసింది.

పొద్దున్నే వాణ్ణి పిలిచి, ‘‘ఒరే, నువ్వు చదివింది తప్పు కాదు, పాతది’’ అన్నాను. వాడు అనుమానంగా చూశాడు. పుస్తకం తెచ్చి మరో మాటమీద వేలు పెట్టాడు. మోకాలు అని అర్థం. కె, ఎన్, ఆపైన రెండు ‘ఇ’లు.

‘‘ఇదీ అంతేనా?’’

‘‘అంతే. సంస్కృతంలో జానువు. రాముణ్ణి ఆజానుబాహువు అనరూ, ఆ జానువూ ఇదీ ఒకటే. జర్మనీవాళ్లు ఇప్పటికీ ‘క్నీ’ అనే పలుకుతారు.’’

గడపదగ్గర మా అమ్మ మోకాలికి నూనె రాసుకుంటున్నది. వాడు తిన్నగా వెళ్లి ఎదురుగా నుంచుని, వంటింట్లోకి కూడా వినబడేట్టు, ‘‘అమ్మమ్మా, నీ క్నీ ఎలా వుంది?’’ అని అడిగాడు.

ఈసారి ముందుగా నవ్వినవాడు వాడే.