తెరమీది పాఠము, తెలియని భాష

నేడు పెక్కు కర్మాగారములలో భద్రతాశిక్షణమును తెరమీదనే యిచ్చుచున్నారు. పనివాడు ఫోను తెరచి, బొమ్మలు చూచి, కడపట కొన్ని ప్రశ్నలకు జవాబులు నొక్కినచో సర్టిఫికెట్టు వచ్చును. వ్యయము తక్కువ; రాత్రి షిఫ్టువాడును పగటివాడును ఒకే పాఠము నేర్వవచ్చును; మరచినది మరల చూడవచ్చును. ఈ సౌకర్యమును మేము నిందింపము.

కాని ఆ పాఠము ఏ భాషలో నున్నది? ఆంగ్లముననున్నచో, తెలుగు మాత్రమే చదువగల కార్మికుడు సూపర్వైజరు చూపినచోట వ్రేలు నొక్కి బయటపడును. సర్టిఫికెట్టు వచ్చును, జ్ఞానము రాదు. 1948వ సంవత్సరపు ఫ్యాక్టరీల చట్టము 108వ సెక్షనున, కర్మాగారమందలి ప్రకటనలు ఆంగ్లముతోపాటు కార్మికులలో అధికసంఖ్యాకులకు తెలిసిన భాషలోను ఉండవలెనని శాసించెను. గోడమీది కాగితమునకు తగిన న్యాయము తెరమీది పాఠమునకు తగదా?

కర్మాగారమందలి ప్రమాదము ప్రహరీలోపలనే నిలువదు. విశాఖపట్నమున 2020 మే 7వ తేదీ వేకువను స్టైరీను వాయువు వెలువడి, సమీపగ్రామ ప్రజలు పలువురు ప్రాణములు గోల్పోయిరి. అట్టి గడియలో ఏ వాల్వు మూయవలెనో, ఎవరిని హెచ్చరింపవలెనో, ఎటు పరుగెత్తవలెనో కార్మికునకు తన మాటలలో తోపవలెను. అర్థము వెదకుకొను వ్యవధి యుండదు.

కావున పాఠములను తెలుగున చేయింపవలెను. పరరాష్ట్రపు కూలీలున్నచో వారి భాషలలోను చేయింపవలెను. పనివేళలలో, జీతము కోయక నేర్పవలెను. తుదకు యంత్రము కడ నిలిపి చేయించి చూడవలెను. కార్మికసంఘములు ఈ మూడింటిని పట్టుబట్టి సాధింపవలెను. సర్టిఫికెట్ల కట్ట ఏ ప్రాణమును కాపాడజాలదు.