అవార్డుకి ముందే జరిగిపోయే ఎంపిక

స్త్రీల హక్కుల పత్రికకి రసాయనశాస్త్ర అవార్డులతో పనేమిటి అని కొందరికి అనిపించవచ్చు. మన నెల్లూరు తీరంలో రొయ్యల చెరువులు వచ్చాక తాగేనీళ్లు ఉప్పుబారాయని బిందెలు మోసే స్త్రీలు చెప్పుకుంటే అది గోడుగానే మిగిలింది. శాస్త్రజ్ఞుల నివేదికలు ముందుకొచ్చాకే 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంతపు చెరువులపై తీర్పు చెప్పింది. మన అనుభవానికి లేని విలువ ప్రయోగశాల కాగితానికి ఉన్నప్పుడు, ఆ ప్రయోగశాలలో ఎవరికి చోటు దొరుకుతోందన్నది మన ప్రశ్నే.

శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతిని 1958 నుంచి ఇస్తూ వచ్చారు. ఏ శాస్త్రంలోనైనా దాన్ని అందుకున్న తొలి స్త్రీ అసీమా ఛటర్జీ, 1961లో, రసాయనశాస్త్రంలోనే. ఆ శాస్త్రంలో రెండో స్త్రీ, నీటి స్వభావంపై పరిశోధించిన చారుసీతా చక్రవర్తి, 2009లో. మధ్యలో 48 ఏళ్లు! తరవాత యమునా కృష్ణన్ (2013), జ్యోతిర్మయీ దాష్ (2020).

ప్రతిభ ఉంటే ఎవరాపుతారు అంటారు. దర్శన్ రంగనాథన్‌ని ఏది ఆపింది? భార్యాభర్తలు ఒకేచోట అధ్యాపకులుగా ఉండకూడదన్న, ఎక్కడా రాసిలేని నియమం. కాన్పూర్ ఐ.ఐ.టి.లో భర్త ప్రొఫెసరు. ఆమె ఏళ్ల తరబడి ఫెలోషిప్పుల మీదే పరిశోధన చేసింది. (వదులుకోవలసింది ఎవరన్న ప్రశ్న అక్కడ ఎవరికీ వచ్చినట్టు లేదు.) భట్నాగర్ బహుమతికి వయసు 45 దాటకూడదు, పేరు ఎవరైనా ప్రతిపాదించాలి. 1986లో ఆమెకి 45 నిండేనాటికి అధ్యాపక పదవే లేదు. పదవి లేని మనిషికి ప్రయోగశాల, విద్యార్థులు, పేరు ప్రతిపాదించే పెద్దలు ఎక్కడినుంచి వస్తారు? 1998లో హైదరాబాదు ఐ.ఐ.సి.టి.కి వచ్చింది. మరుసటి ఏడాది తృతీయ ప్రపంచ విజ్ఞాన అకాడమీ రసాయనశాస్త్ర అవార్డు ఇచ్చింది. 2001 జూన్ 4న, సరిగ్గా అరవయ్యో పుట్టినరోజున, చనిపోయింది.

2024 నుంచి భట్నాగర్ పేరు ‘విజ్ఞాన్ యువ’ పురస్కారానికి చేరింది. పేరు మారినా 45 ఏళ్ల హద్దు మారలేదు. ప్రసవాలకీ, పిల్లల పెంపకానికీ, భర్త బదిలీలకీ పోయిన ఏళ్లను ఈ లెక్కలోంచి తీసేయాలని మనం అడగాలి. ప్రతిపాదనల్లో స్త్రీలెందరో ఏటా ప్రకటించమని కూడా అడగాలి. నెల్లూరు, కావలి కాలేజీల్లో కెమిస్ట్రీ చదువుతున్న మన అమ్మాయిలకి 45 ఏళ్లు వచ్చేదాకా ఆగి అడిగితే ఆలస్యమవుతుంది.